సరుకు ఆన్‌లైన్‌కి వెళ్లిపోయినా వీధిలో గొడవలు ఎందుకు ఆగలేదు?

మీరు అడిగింది నాకు అర్థమైనట్టు ముందు ఒకసారి చెప్తాను. మీ కాలనీ పార్కు దగ్గర రెండు మూడేళ్ల కింద గంజాయి అమ్మేవాళ్లు బాహాటంగానే తిరిగేవాళ్లు, ఇప్పుడు కనబడటం లేదు, పిల్లలు అన్నీ ఫోన్లోనే తెప్పించుకుంటున్నారని వింటున్నారు. అయినా కొట్లాటలు, బండ్లు మాయమవడం, మెడలో గొలుసులు తెంపుకుపోవడం తగ్గలేదు. డార్క్ వెబ్ (మామూలు బ్రౌజర్లకి కనబడని సైట్ల లోకం) వల్ల మత్తు వ్యాపారంలో హింస తగ్గుతుందని విదేశాల్లో పరిశోధకులు రాశారట కదా, మరి ఇక్కడ ఎందుకు తగ్గలేదు, అసలు ఆ మాట నిజమేనా అన్నది మీ ప్రశ్న.

నేను పదహారేళ్లుగా హైదరాబాద్ కోర్టుల్లో ఎన్‌డీపీఎస్ కేసులు, అంటే మత్తు పదార్థాల చట్టం కింద పెట్టేవి, వాదిస్తున్నాను, ఎక్కువగా నిందితుల తరఫున. కాబట్టి ఇందులో కొంత చదివి తెలుసుకున్నది, కొంత జైలు ములాఖత్‌లో కూర్చుని విన్నది.

ఆ మాటలో నిజం ఉంది. అయితే అది కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య ఉండే హింస గురించి మాత్రమే. సరుకు మోసేవాడి మీద, బాకీ పడ్డవాడి మీద పడే దెబ్బలు దాంతో పోలేదు, ఒక దేశంలో అయితే బాగా పెరిగాయి. అది ఎలాగో చెప్పాలంటే ముందు ఆ హింస ఎక్కడినుంచి వస్తుందో చూడాలి.

నా దగ్గరికి వచ్చిన పాత కేసు ఒకటి చెప్తాను. పంతొమ్మిదేళ్ల కుర్రాడు, వెల్డింగ్ షాపులో పని. సాయంత్రం పూట గంజాయి పొట్లాలు అప్పు మీద తెచ్చి అమ్మేవాడు, పైవాడికి 3,500 రూపాయలు బాకీ పడ్డాడు. ఒకరోజు రాత్రి నలుగురు వచ్చి షాపు వెనకాల పట్టుకున్నారు. తల మీద పడబోయిన కత్తికి చెయ్యి అడ్డం పెట్టాడు. ఎడమ ముంజేతి మీద మణికట్టు నుంచి మోచేతి దాకా కోత, ఆ మచ్చ నేను చూశాను, కుట్లు సరిగ్గా పడక తాడు పేనినట్టు ఉబ్బి ఉంది. ఆస్పత్రిలో డాక్టర్ అడిగితే రేకు కోసుకుందని చెప్పాడట. పోలీసులకి చెప్పలేదు, ఎందుకంటే ఎవరు కొట్టారో చెప్తే ఎందుకు కొట్టారో చెప్పాలి, అది చెప్తే తను అమ్మిన సంగతీ చెప్పాలి. తర్వాత తనే వేరే కేసులో దొరికాక ఇదంతా నాకు చెప్పాడు.

3,500 బాకీ మామూలు కిరాణా వ్యాపారంలో అయితే ఏమవుతుంది? పెద్దమనుషుల దగ్గర పంచాయితీ, మరీ మొండికేస్తే లీగల్ నోటీసు. ఈ వ్యాపారంలో నోటీసు లేదు, కోర్టు లేదు, స్టేషన్ లేదు. మోసపోయినవాడికి చెప్పుకునే చోటు లేదు కాబట్టి కత్తే ఆ పని చేస్తుంది. ఇది గుర్తుపెట్టుకోండి, మిగతా అంతా దీని మీదే నడుస్తుంది.

1985లో పాల్ గోల్డ్‌స్టీన్ అనే అమెరికన్ పరిశోధకుడు మత్తుకీ హింసకీ ఉన్న సంబంధాన్ని మూడుగా విడదీశాడు. మత్తు తలకెక్కి చేసేది ఒకటి. కొనడానికి డబ్బు లేక చేసే దొంగతనాలు, దోపిడీలు రెండోది. మూడోది వ్యాపారంలోంచే పుట్టేది: ఏరియా కోసం, బాకీ కోసం, కల్తీ ఇచ్చాడని, ఇన్ఫార్మర్‌గా మారాడని. తర్వాత ఆయన బృందం న్యూయార్క్‌లో 1988లో జరిగిన హత్యల్లో 414 తీసుకుని పరిశీలిస్తే సగానికి కాస్త ఎక్కువ మత్తుతో ముడిపడి ఉన్నాయి, వాటిలో నాలుగింట మూడు వంతుల దాకా ఈ మూడో రకమే. అది క్రాక్ కొకైన్ ఉధృతంగా ఉన్న కాలం, కాబట్టి ఆ లెక్కని యథాతథంగా మన ఊరికి పెట్టలేం, కానీ ఆ విభజన మాత్రం నా కేస్ డైరీలకి ఇప్పటికీ సరిపోతోంది.

ఇక సిల్క్ రోడ్. 2011 మొదట్లో రాస్ ఉల్‌బ్రిక్ట్ అనే అమెరికన్ యువకుడు మొదలుపెట్టాడు. చూసేవాడి ఆచూకీ దాచే టార్ అనే బ్రౌజర్‌లో తెరుచుకునే, మత్తు పదార్థాలు అమ్మే సైట్, బిట్‌కాయిన్‌లో చెల్లింపు, పోస్టులో సరుకు. 2013 అక్టోబర్ 1న శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక పబ్లిక్ లైబ్రరీలో లాప్‌టాప్ తెరిచి ఉండగానే ఎఫ్‌బీఐ అతన్ని పట్టుకునే నాటికి అందులో మత్తు పదార్థాల లిస్టింగులే 13,000 దగ్గర ఉన్నాయి. టెక్నాలజీ గురించి అందరూ మాట్లాడతారు గానీ నా దృష్టిలో అసలు సంగతి వేరు. కొన్నవాడి డబ్బు నేరుగా అమ్మినవాడికి వెళ్లదు, సైట్ దగ్గర ఆగుతుంది, సరుకు అందిందని కొన్నవాడు చెప్పాకే వెళ్తుంది. తేడా వస్తే సైట్ వాళ్లే మధ్యవర్తులు. మోసం చేసినవాడి రేటింగ్ పడిపోతుంది, ఆ పేరుతో వ్యాపారం ముగిసినట్టే. అంటే చట్టం బయట ఉన్న వ్యాపారంలో మొదటిసారి ఫిర్యాదు తీసుకునే కిటికీ ఒకటి తెరిచారు. ఇద్దరూ ఎదురుపడరు, ఏరియా లేదు, జేబులో డబ్బు లేదు. గోల్డ్‌స్టీన్ చెప్పిన మూడో రకం హింసకి అక్కడ చోటు తగ్గింది.

పరిశోధకులు చెప్పింది కూడా ఇదే. జుడిత్ ఆల్డ్రిడ్జ్, డేవిడ్ డెకారీ-హెటూ అనే ఇద్దరు 2014లో సిల్క్ రోడ్ లిస్టింగులు చూసి, అక్కడ రాబడి అంతా సొంతానికి వాడుకునేంత చిన్న మోతాదుల నుంచే రావడం లేదని, అందులో చెప్పుకోదగ్గ భాగం తిరిగి అమ్ముకునేవాళ్లు కొనే పెద్ద మోతాదుల నుంచి వస్తోందని రాశారు. పెద్ద బేరాలు ఎదురుపడకుండా జరిగితే ఆ స్థాయిలో హింస తగ్గుతుందని వాళ్ల వాదన. 2016లో మోనికా బారట్, మరికొందరు గ్లోబల్ డ్రగ్ సర్వేలో పాల్గొన్నవాళ్లని అడిగితే, డార్క్ వెబ్‌లో కొన్నప్పుడు బెదిరింపులు, దెబ్బలు మిగతా దారుల కంటే తక్కువని తేలింది. మీరు విన్నది బహుశా ఇదే అయి ఉంటుంది. అయితే ఆ సర్వే తమంతట తాము ముందుకొచ్చి ఆన్‌లైన్‌లో జవాబులు నింపినవాళ్లది. రాత్రి షాపు వెనక చెయ్యి కోయించుకున్న కుర్రాడు అలాంటి సర్వే నింపడు.

2015లో శిక్ష ఖరారు చేసేటప్పుడు ఉల్‌బ్రిక్ట్ లాయర్లు ఈ వాదననే కోర్టు ముందు పెట్టారు, సిల్క్ రోడ్ వల్ల వీధి హింస తగ్గిందని. జడ్జి క్యాథరిన్ ఫారెస్ట్ ఒప్పుకోలేదు. న్యూయార్క్‌లోని బ్రాంక్స్ ప్రాంతంలో హెరాయిన్, క్రాక్ అమ్మి దొరికినవాడెవడూ తన ముందు ఇలాంటి వాదన చేయలేదని, ఇది అన్నీ ఉన్నవాళ్లు చేసే వాదన అని అన్నారు. పెరోల్ లేని యావజ్జీవం వేశారు. అదే సైట్ నడుపుతూ మనుషుల్ని చంపించడానికి అతను డబ్బు పంపాడని ప్రాసిక్యూషన్ చెప్పింది, హత్యలైతే ఏవీ జరగలేదు. పట్టుకోవడానికి వెళ్లిన ఇద్దరు ఫెడరల్ ఏజెంట్లు బిట్‌కాయిన్లు కాజేసి వాళ్లూ జైలుకెళ్లారు. 2025 జనవరిలో ట్రంప్ క్షమాభిక్షతో ఉల్‌బ్రిక్ట్ బయటికొచ్చాడు. శిక్ష మరీ ఎక్కువని నేనూ అనుకున్నాను, డిఫెన్స్ లాయర్‌ని కదా. కానీ ఆ జడ్జి మాట మాత్రం నాకు సబబుగానే అనిపిస్తుంది.

ఎందుకంటే ఎవరు ఆన్‌లైన్‌లో కొంటారో చూడండి. లాప్‌టాప్ ఉండాలి, క్రిప్టో కొనడానికి బ్యాంకు ఖాతా, పార్సిల్ వచ్చే అడ్రస్ ఉండాలి, వారం పది రోజులు ఆగగలగాలి. నా దగ్గరికొచ్చిన డార్క్ వెబ్ కేసుల్లో నిందితులు ఇంజినీరింగ్ పిల్లలు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, ఒకాయన డిజైనర్. వాళ్లు అంతకుముందు కూడా ఎవరి గొలుసూ తెంపినవాళ్లు కాదు. వాళ్లు ఫోన్లో కొంటే ఏంటి, స్నేహితుడి దగ్గర కొంటే ఏంటి, వీధి నేరాల లెక్కలో ఒక్క అంకె మారదు. గొలుసు తెంపేవాడు రోజూ మత్తు లేకపోతే ఒళ్లు వణికేవాడు, చేతిలో రెండొందలు పడగానే ఆ గంటలోనే కొనుక్కోవాల్సినవాడు. అతనికి పది రోజుల డెలివరీ పనికిరాదు. అంటే గోల్డ్‌స్టీన్ రెండో రకాన్ని ఆన్‌లైన్ మార్కెట్ అసలు తాకనే లేదు. మీరు చెప్పిన బండ్ల దొంగతనాలు, గొలుసుల సంగతి చాలావరకు ఇక్కడే ఉంది.

ఇంకొకటి, ఆన్‌లైన్‌లో కొన్న సరుకు ఆన్‌లైన్‌లోనే ఉండిపోదు. అమెరికాలో యూటా రాష్ట్రంలో ఒక యువకుడు చైనా నుంచి పోస్టులో ఫెంటనిల్ అనే చాలా గట్టి మత్తుమందు తెప్పించి, ఇంట్లో మిషన్ పెట్టి మాత్రలు కొట్టి, డార్క్ వెబ్‌లో లక్షల మాత్రలు అమ్మాడు, 2020లో యావజ్జీవం పడింది. అతని దగ్గర వేలల్లో మాత్రలు కొన్నవాళ్లు వాటిని మళ్లీ అమ్ముకునేవాళ్లే. పైన వెబ్‌సైట్, కింద అదే సందు.

ఇప్పుడు నేను అన్నిటికంటే ఎక్కువ చెప్పాలనుకున్నది, రష్యా సంగతి. హైడ్రా అనే సైట్ 2015లో మొదలైంది. 2022 ఏప్రిల్ 5న జర్మన్ పోలీసులు దాని సర్వర్లు స్వాధీనం చేసుకునే నాటికి కోటీ 70 లక్షల కస్టమర్ ఖాతాలు, 19,000కి పైగా అమ్మకందారుల ఖాతాలు. 2020 ఒక్క ఏడాదిలోనే 120 కోట్ల యూరోలకి పైగా అమ్మకాలు జరిగాయని వాళ్లే చెప్పారు. అప్పట్లో ప్రపంచంలో ఇంత పెద్ద మత్తు మార్కెట్ డార్క్ వెబ్‌లో ఇంకోటి లేదు. ఆన్‌లైన్‌కి వెళ్తే హింస పోతుందన్నది పూర్తిగా నిజమైతే రష్యా ఇవాళ ప్రశాంతంగా ఉండాలి.

అక్కడ పోస్టులో పంపరు. కొన్నవాడు డబ్బు కట్టగానే ఒక ఫోటో, లొకేషన్ వస్తాయి. చిన్న పొట్లం, ఇన్సులేషన్ టేప్ చుట్టి, అయస్కాంతంతో ఇనుప గొట్టం వెనక అంటించో, పార్కులో చెట్టు మొదట్లో పాతో ముందే పెట్టి ఉంటారు. శీతాకాలం అయితే మంచులో. దాన్ని క్లాద్ అంటారు, పెట్టేవాడిని క్లాద్‌మన్ అంటారు. కాలేజీ పిల్లలు, ఉద్యోగం లేనివాళ్లు, అప్పులున్నవాళ్లు. చేరేటప్పుడు డిపాజిట్ కట్టాలి, లేదా పాస్‌పోర్ట్ ఫోటో పంపాలి. పంపారంటే అవతలివాడికి ఇంటి అడ్రస్ తెలిసినట్టే.

ఇక సమస్య ఎక్కడ వస్తుందంటే, పొట్లం అక్కడ లేదు అని కొన్నవాడు ఫిర్యాదు చేస్తే తప్పు ఎవరిది? కొన్నవాడు అబద్ధమాడాడా, క్లాద్‌మన్ నొక్కేశాడా, దారినపోయేవాడు ఎత్తుకుపోయాడా? ఇతరులు దాచిన పొట్లాల కోసం పార్కుల్లో వెతుక్కుంటూ తిరిగేవాళ్లకి అక్కడ ఒక పేరే ఉంది. కొన్నవాడికి సైట్‌లో మధ్యవర్తి ఉన్నాడు, షాపువాడికీ ఉన్నాడు. క్లాద్‌మన్‌కి ఎవరూ లేరు. అతను సైట్‌లో కొన్నవాడూ కాదు, అమ్మినవాడూ కాదు. అందుకే షాపులు మనుషుల్ని పెట్టుకున్నాయి, స్పోర్టికి అంటారు, కండలు తిరిగిన కుర్రాళ్లు అన్న అర్థంలో. సరుకు పోయిందన్న క్లాద్‌మన్‌ని పట్టుకుని కొట్టడం, వేళ్లు విరగ్గొట్టడం, అదంతా వీడియో తీసి మిగతా క్లాద్‌మన్‌లకి చూపించడం వాళ్ల పని. కొట్టేవాడికి కూడా ఆర్డర్ ఆన్‌లైన్‌లోనే వస్తుంది, జీతం క్రిప్టోలోనే. ఎవరిని ఎందుకు కొడుతున్నాడో కూడా తెలియకపోవచ్చు. రష్యా జైళ్లలో క్రిమినల్ కోడ్ 228వ సెక్షన్ కింద ఉన్నవాళ్లు ఎంతమంది అంటే దాన్ని ప్రజల సెక్షన్ అని పిలుస్తారు. హైడ్రా మూతపడ్డాక క్రాకెన్, మెగా లాంటివి ఆ చోట్లోకి వచ్చేశాయి, పద్ధతి అదే, పొట్లాలు అవే.

అంటే హింస కరిగిపోలేదు, ఫిర్యాదు చేసుకోలేనివాడి దగ్గరికి జరిగింది.

ఇది ఎక్కడో రష్యా కథ అనుకోకండి. మన దగ్గర నిజమైన డార్క్ వెబ్ కేసులు సంఖ్యలో తక్కువ. 2023 జూన్‌లో కేంద్ర మత్తు నిరోధక సంస్థ ఎన్‌సీబీ దాదాపు 15,000 ఎల్‌ఎస్‌డీ బ్లాట్లు (ఆ మత్తు పట్టించిన చిన్న కాగితం ముక్కలు) పట్టుకుంది, 2025లో కేరళలో మూవాట్టుపుళలో ఒక విక్రేతని పట్టుకుంది, అవి పెద్ద కేసులే, ఆ సరుకు పోస్టల్ కవర్‌లో పడుతుంది. ఎల్‌ఎస్‌డీకి మన చట్టంలో 2 మిల్లీగ్రాములు దాటితే స్మాల్ క్వాంటిటీ, అంటే తక్కువ శిక్ష ఉండే చిన్న మోతాదు, దాటినట్టు, గంజాయికి అదే లెక్క కిలో. అంత తేడా ఉంది. కాబట్టి డార్క్ వెబ్‌కి వెళ్లేది తేలికైన సరుకు. మన వీధుల్లో ఉన్నది గంజాయి, మూటల్లో వచ్చేది, వాసన వచ్చేది. అల్లూరి జిల్లా ఏజెన్సీ నుంచి, ఒడిశా సరిహద్దు నుంచి లారీల్లో, రైళ్లలో దిగుతుంది. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర ఏపీ పోలీసులు ఒకేసారి తగలబెట్టింది 2 లక్షల కిలోలకి పైనే. దీన్ని కూడా ఆన్‌లైన్‌కి ఎక్కించే ప్రయత్నం ఒకటి జరిగింది, 2021 నవంబర్‌లో మధ్యప్రదేశ్ భిండ్ పోలీసులు బయటపెట్టారు. ఒక పెద్ద షాపింగ్ సైట్‌లో స్టీవియా ఆకు పేరుతో విశాఖ వైపు నుంచి గంజాయి పంపించారన్నది కేసు, దాదాపు వెయ్యి కిలోలు అలా వెళ్లాయని పోలీసులు చెప్పారు. డార్క్ వెబ్ అక్కర్లేకపోయింది.

మీ పార్కు దగ్గర జరుగుతున్నది డార్క్ వెబ్‌కీ పాత వీధి అమ్మకానికీ మధ్యది. టెలిగ్రామ్‌లోనో, ఇన్‌స్టాలోనో పేరు లేని ఐడీ. యూపీఐలో ఎవరిదో ఖాతాకి డబ్బు. తర్వాత లొకేషన్. ఇక్కడ సిల్క్ రోడ్‌లో ఉన్న మధ్యవర్తి లేడు, రేటింగ్ లేదు, డబ్బు పట్టి ఉంచేవాడు లేడు. ఆన్‌లైన్ మార్కెట్‌లో హింసని తగ్గించిన భాగాన్ని వదిలేసి దాచుకోవడానికి పనికొచ్చే భాగాన్ని మాత్రమే తీసుకున్నారు. మోసాలు ఎక్కువ, మోసపోయినవాడు వెతుక్కుంటూ వచ్చేది వీధికే.

పోయినేడాది ఒక కుర్రాడు మా ఆఫీసుకి వచ్చాడు, ఇరవై ఏళ్లుంటాయి, ఫుడ్ డెలివరీ చేస్తూ పక్కన ఈ పొట్లాలు పెట్టే పని ఒప్పుకున్నాడు. ట్రిప్పుకి 300. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె వెనక పెట్టిన ప్యాకెట్ మాయమైంది, తీసింది నువ్వేనని పట్టుకుని కుడిచేతి రెండు వేళ్లు బండి సైడ్ స్టాండ్ కింద పెట్టి తొక్కారు. కట్టు కట్టుకుని వచ్చాడు. నా ముందు కూర్చుని ఎడమచేత్తో ఫోన్ తీసి ఆ ఫోటో చూపించాడు, ప్యాకెట్ పెట్టినట్టు సాక్ష్యం, పక్కన తన చెప్పు కూడా పడింది. తను నిర్దోషినని నిరూపించుకోవడానికి అతని దగ్గర ఉన్న ఒకే ఆధారం, కోర్టులో అతన్ని దోషిగా నిలబెట్టే ఆధారం కూడా అదే. కంప్లైంట్ రాద్దామా అని అడిగితే ఏమని రాయాలి సార్ అన్నాడు. నేను రాయలేదు. చట్టప్రకారం రాయవచ్చు, కొట్టడం నేరమే, కానీ ఆ కాగితం మీద సంతకం పెట్టిన క్షణం నుంచి అతను ఏ సెక్షన్ కిందకి వస్తాడో నాకు తెలుసు, ఆ సరుకు ఎండీఎంఏ అనే మత్తుమందు అయి 10 గ్రాములు దాటితే అది కమర్షియల్ క్వాంటిటీ, అంటే వ్యాపారానికే అనుకునే పెద్ద మోతాదు, బెయిల్ దాదాపు రాదు. ఆ రోజు నాకు నిద్ర పట్టలేదు.

మీరు చివర్లో ఇంకో మాట అడిగారు, పోలీసులు డార్క్ వెబ్ సైట్లు మూయిస్తే లాభం ఉంటుందా అని. కొన్నాళ్లు ఉంటుంది. 2017 జూలైలో ఆల్ఫాబే అనే సైట్‌ని మూయించారు, అక్కడినుంచి పరిగెత్తుకొచ్చినవాళ్లు చేరిన హాన్సా అనే సైట్‌ని డచ్ పోలీసులు అప్పటికే చేతిలోకి తీసుకుని మొత్తం నెల రోజులు రహస్యంగా నడిపారు, అమ్మకందారుల మధ్య నమ్మకాన్ని దెబ్బకొట్టారు. నేను చదివిన ఆపరేషన్లలో అది తెలివైనది. అయినా జనం వేరే సైట్లకి వెళ్లిపోయారు. నా అభిప్రాయం అడిగితే, సైట్ నడిపేవాడిని, డబ్బు పోయే ఖాతాలని పట్టుకోవాలి, పొట్లం పెట్టే కుర్రాడిని పట్టుకుని లెక్క చూపించుకోవడం వల్ల పై మనిషికి నష్టం 300 రూపాయలు. ఆ కుర్రాడు తనని కొట్టినవాడి గురించి చెప్పడానికి ముందుకొస్తే అతనికి ఏదో ఒక రక్షణ ఉండాలి. ఇప్పుడు ఉన్నది చాలదు.

మీరు చేయగలిగింది ఇది. పార్కు గోడ దగ్గర, మీటర్ బాక్సుల దగ్గర, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర రాత్రిళ్లు ఫోన్ టార్చి వేసుకుని వంగి వెతుకుతున్నవాళ్లు కనబడితే వాళ్ల జోలికి వెళ్లకండి, పోగొట్టుకున్న వస్తువు కోసం వెతుకుతున్నారేమో అనుకుని సాయం చేయబోకండి కూడా. ఏ రోజు, ఏ టైమ్, ఏ గోడ అన్నది రాసుకుని తెలంగాణలో అయితే మత్తు కేసులు చూసే పోలీసు విభాగం ఈగల్ వాళ్ల 1908కి, ఏపీలో 1972కి చెప్పండి, పేరు చెప్పనక్కర్లేదు. మీ కాలనీ పిల్లల్లో ఎవరికైనా అలవాటైందని తెలిస్తే ముందు వాళ్ల ఇంట్లో చెప్పండి. ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ అని ఒక సెక్షన్ ఉంది, వాడకం కేసులోనో, స్మాల్ క్వాంటిటీతోనో దొరికినవాడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకి చేరి పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఉంటుంది, మధ్యలో వదిలేస్తే ఆ మినహాయింపు పోవచ్చు. చికిత్స ఎక్కడ దొరుకుతుందో 14446కి ఫోన్ చేస్తే చెప్తారు. నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో ఈ సెక్షన్ గురించి ముందే తెలిసి వచ్చినవాళ్లు ఇప్పటిదాకా ఇద్దరే ఇద్దరు.